కౌన్సిల్ సామాను భద్రపరిచే సేవ: రుసుములో ఉన్న శ్రద్ధ జాబితాలో లేదు

ఇంగ్లండులో అద్దె ఇల్లు కోల్పోయి కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) చూపిన తాత్కాలిక వసతికి చేరిన కుటుంబం సామాను పోయే, పాడయ్యే ప్రమాదం ఉండి, దాచుకోవడానికి వేరే ఏర్పాటు లేనప్పుడు, దానిని కాపాడేందుకు తగిన చర్యలు తీసుకోవలసిన బాధ్యత 1996 నాటి హౌసింగ్ చట్టం 211వ సెక్షన్ ప్రకారం కౌన్సిల్‌దే. ఇది ఉచితం కానక్కరలేదు; సహేతుకమైన రుసుము వసూలు చేసుకోవచ్చు. ఆ వసూలులో లండన్‌లోని మా కౌన్సిల్ ఏనాడూ ఆలస్యం చేయలేదు.

లోపమంతా తీసుకెళ్లిన సామాను జాబితాలోనే ఉంది. కౌన్సిల్ ఈ పని అప్పగించిన కాంట్రాక్టరు మనుషులు మా వంటింటిని మొత్తం ‘కిచెన్ సామాను, నాలుగు పెట్టెలు’ అని ఒక్క వరుసలో రాసి సంతకం పెట్టించుకున్నారు. తిరిగి ఇచ్చేటప్పుడు పెట్టెలు నాలుగూ వచ్చాయి. వెట్ గ్రైండర్ గిన్నె వచ్చింది గాని అందులోని రాళ్లు రాలేదు, పరుపు ఒక అంచున బూజు పట్టి నల్లబడింది. అడిగితే కౌన్సిల్ కాంట్రాక్టరును, కాంట్రాక్టరు ఆ కాగితాన్ని చూపించారు. పని బయటివారికి అప్పగించినంత మాత్రాన చట్టం పెట్టిన బాధ్యత చేతులు మారదు కదా!

ఈ సేవ వాడుకోక తప్పనివారు ప్రతి వస్తువునూ ఫొటో తీసి, జాబితాలో విడివిడిగా రాయించిన తరువాతే సంతకం చేయడం మంచిది. కౌన్సిల్‌కు చేసిన ఫిర్యాదుకు సరైన జవాబు రాకపోతే, విషయం తెలిసిన 12 నెలల లోపు కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు విచారించే లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా రాసుకోవచ్చు. నా రేటింగ్ అయిదుకు రెండు. ఆ రెండూ బీరువాను మెట్ల మీదుగా గీత పడకుండా దింపిన కుర్రాళ్లకే.