డాబా మీద బోన్సాయ్‌లు ఉన్నవాళ్ళు ఈ ప్లాస్టిక్ టెంటు జోలికి పోకండి

ఎండకూ వానకూ గాలికీ అన్నిటికీ ఇదొక్కటే చాలంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ప్లాస్టిక్ టెంటు ఒకటి ఏప్రిల్‌లో తెప్పించాను. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ముందు జిప్పు, పైన పరుచుకోడానికి పచ్చ షేడ్ నెట్. అన్నీ కలిపి 6,800 రూపాయలు. రెండు నెలలు తిరక్కుండా నావి మూడు బోన్సాయ్‌లు, అంటే లోతులేని ట్రేల్లో పొట్టిగా పెంచుకునే చెట్లు, పోయాయి. అందులో ఒకటి మా నాన్న గింజ నాటి పెంచిన చింత. ఇంకెవరి చెట్లకీ ఈ గతి పట్టకూడదని రాస్తున్నాను.

మాది విశాఖపట్నం, మూడో అంతస్తు డాబా. పెట్టె విప్పగానే మొదటి తేడా కనిపించింది. టెంటు కాళ్ళను బిగించడానికి ఇచ్చినవి మట్టిలో దిగ్గొట్టే గూటాలు. అమ్మేవాళ్ళు పెట్టిన ఫోటోలో మాత్రం టెంటు సిమెంటు డాబా మీదే ఉంది. అడిగితే, కాళ్ళ మీద ఇటుకలు పెట్టుకోమన్నారు. అప్పుడే వెనక్కి పంపేయాల్సింది, పంపలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం జిప్పు తీసి చెయ్యి లోపల పెడితే సెగ కొట్టింది. థర్మామీటరు పెట్టి చూశాను. బయట 36 డిగ్రీలు, లోపల 49. ఆ ప్లాస్టిక్‌లోంచి ఎండ లోపలికి దిగుతుంది, వేడెక్కిన గాలికి బయటికి దారి లేదు. నేలలో ఉన్న చెట్టయితే వేళ్ళు లోతుకు పోయి చల్లదనం వెతుక్కుంటాయి. బోన్సాయ్ ట్రేలో ఉండేది రెండు మూడంగుళాల మట్టే, అది కాలితే వేరుకి వెళ్ళడానికి చోటే లేదు. చింత ఆకులు నాలుగు రోజుల్లో ఎండి రాలాయి. 75 శాతం నీడనిస్తుందన్న నెట్టు ఎండకి ఎత్తి చూస్తే కళ్ళు చెదిరేంత పల్చగా ఉంది.

జూన్ మొదట్లో ఈదురుగాలితో వాన వచ్చింది. తుఫాను కాదు, మనకి ఏటా వచ్చేదే. టెంటు తెరచాపలా ఉబ్బి, ఇటుకల్ని తోసేసి, లోపలున్న ట్రేలతో సహా పిట్టగోడకి కొట్టుకుంది. చింత ట్రే ముక్కలైంది, చెట్టు మొదట్లోనే విరిగింది. కాగితపు పూల చెట్టు, ఒక జువ్వి కూడా పోయాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా ఊరి మీద విరుచుకుపడ్డప్పుడు మా నాన్న ఇదే చింతని కింద మెట్ల మలుపులో పెట్టి కాపాడారు. అది తలుచుకుంటే నాకిప్పటికీ దుఃఖం ఆగదు.

అమ్మినవాళ్ళకి ఫోటోలు పంపితే, వాతావరణం వల్ల జరిగిన నష్టానికి వారంటీ వర్తించదని రెండు ముక్కల్లో జవాబిచ్చారు. వాతావరణాన్ని తట్టుకుంటుందనే కదా కొన్నది! వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. ఆన్‌లైన్‌లో కొన్నవాటికి 2020 ఈ-కామర్స్ నిబంధనలున్నాయి. ఫిర్యాదు అందిందని అమ్మినవాళ్ళు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. అందుకే పెట్టె విప్పేటప్పుడే వీడియో తీసుకోండి, ఆ అమ్మకం పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. నా ఫిర్యాదు వెళ్ళాక వాళ్ళు ఫోటో మార్చేశారు.

ఇప్పుడు మిగిలిన ఆరు చెట్లకి చేస్తున్నది చెబుతాను. ఎండకి 50 శాతం షేడ్ నెట్ సరిపోతోంది, చెట్ల మీద పరచకుండా తలకి అందనంత ఎత్తులో పందిరిలా కట్టాను. పక్కలు పూర్తిగా తెరిచే ఉంచాలి, గాలి ఆడాలి. నెట్టు కొనేటప్పుడు ఐఎస్ 16008 (షేడ్ నెట్లకున్న భారత ప్రమాణం) ముద్ర ఉందేమో చూడండి. ముసురు పట్టినప్పుడు ట్రేకి ఒక పక్కన చెక్కముక్క పెట్టి వాలుగా ఉంచితే నీళ్ళు నిలవవు. అడీనియం (ఎడారి గులాబీ) మాత్రం వాన తగలని చోటికి మారాల్సిందే, దాని దుంప ఇట్టే కుళ్ళిపోతుంది.

గాలి హెచ్చరిక వస్తే దేన్నీ కప్పకండి. స్టాండు మీంచి దింపి, గాలి తగలని వైపు పిట్టగోడ మూలన నేల మీద దగ్గరదగ్గరగా పెట్టండి. ట్రే అడుగు బెజ్జాల్లోంచి తీగ వేసి చెట్టుని ట్రేకి కట్టి ఉంచాలి. కొత్త బోన్సాయ్ కొనేటప్పుడు మొదలు పట్టుకుని మెల్లగా కదిపి చూడండి, ఊగితే తీగ కట్టనట్టే. మాలాగా సముద్రం దగ్గరున్నవాళ్ళు గాలి తగ్గగానే ఆకుల మీద ఉప్పు పోయేలా మంచినీళ్ళతో కడగాలి.

ఆ టెంటు ఇంకా అమ్ముతూనే ఉన్నారు. ఇప్పటికే కొని ఉంటే, ఈ పూటే చెట్లని బయటికి తీసేయండి. వెనక్కి పంపే గడువు ఎన్ని రోజులుందో కూడా ఇవాళే చూసుకోండి, నాకు పది రోజులే ఇచ్చారు.