బ్రెవే కార్డా, బిబ్ నంబరా: ఏడేళ్లు తొక్కాక

ఏడేళ్లుగా రెండు రకాల సైకిల్ రైడ్లూ తొక్కుతున్నాను. జేబుకు బరువు కాని బ్రెవేలు, అంటే గడువులోగా ఎవరి సాయమూ లేకుండా పూర్తి చేసే దూరపు రైడ్లు ఒకవైపు, చొక్కాకు బిబ్ నంబరు తగిలించుకుని వేలమంది బయల్దేరే ఖరీదైన రైడ్లు ఇంకోవైపు. ముందే చెప్పేస్తున్నా, నా మొగ్గు బ్రెవేలకే. అలాగని రెండోవి దండగ అనను.

బ్రెవే ఫీజు కడితే చేతికొచ్చేది ఒక కార్డు, ఒక రూటు, కంట్రోళ్ల (దారిలో ఆగి కార్డు మీద ముద్ర వేయించుకోవాల్సిన చోట్ల) జాబితా. అంతే. తిండి, నీళ్లు, పంక్చర్లు, దారి తప్పడాలు అన్నీ మన ఖాతాలోవే. వెంట కారు పెట్టుకుని సాయం తీసుకోవడం కుదరదు, ఆ సాయమేదో కంట్రోల్ దగ్గరే. గడువు 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. గంటకు 15 కిలోమీటర్లేనా అని మొదట్లో నేనూ నవ్వాను. కూర్చుని తింటున్నా ఆ గడియారం ఆగదు మరి. 600లో గంటకు 20 చొప్పున కదిలినా 30 గంటలు తొక్కడానికే పోతాయి. మిగిలిన పదింటిలోనే తిండి, నిద్ర, రిపేర్లు.

ఇది నా తలకెక్కింది మొదటి 300లో. వంద కిలోమీటర్లు కాకముందే రెండు పంక్చర్లు, తెచ్చుకున్న రెండు ట్యూబులూ అయిపోయాయి. 100 దగ్గరి కంట్రోల్ రైడ్ మొదలైన 6 గంటల 40 నిమిషాలకు మూసేస్తారు. నేను చేరేసరికి నాలుగు నిమిషాలుంది. వాలంటీరు కార్డు మీద ముద్ర వేసి, నా మొహం చూసి, అతుకులున్న పాత ట్యూబొకటి చేతిలో పెట్టాడు. దాని అవసరం పడలేదు గానీ ఆ ధైర్యంతోనే మిగతా దూరం పూర్తి చేశాను. ఫలితాల్లో ర్యాంకులుండవు. మొదట వచ్చినవాడికీ ఆఖరున ఊగుతూ వచ్చిన నాకూ విలువ ఒకటే.

ఇక పెద్ద రైడ్లు. టైమింగ్ చిప్, మెడల్, ఫొటోలు, తిండి స్టాళ్లు, దారి పొడవునా మెకానిక్కులు. వీటిలో నిజంగా డబ్బుకు తగ్గది నా లెక్కలో ఒక్కటే, బండ్లు రాకుండా మూసిన రోడ్డు. టూర్ ద ఫ్రాన్స్ రేసులోని ఒక స్టేజిని, అంటే ఒక రోజు దారిని, మామూలు జనంతో తొక్కించే ఎతాప్ దు టూర్ 1993 నుంచీ నడుస్తోందంటే అందులో ఈ మూసిన రోడ్ల పాత్ర తక్కువేం కాదు. మలుపు అవతల లారీ ఉందేమో అన్న భయం లేకుండా ఘాట్ దిగడం బ్రెవేలో దొరకదు. కాకపోతే ఎదురుబండి లేదన్న ధీమాతో గుంపులో నడపడం రానివాళ్లూ అదే వేగంతో దిగుతారు. నా ముందే ఇద్దరు హ్యాండిళ్లు తగిలి పడ్డారు. అప్పట్నుంచి ఎంత వెనకబడ్డా దిగుడులో ఎడం పాటిస్తాను.

ఒక నిర్వాహకుడి మీద కోపం ఇంకా తగ్గలేదు. వర్షమని ముందురోజు సాయంత్రం రైడ్ రద్దు చేశాడు. డబ్బు తిరిగివ్వలేదు, వచ్చే ఏడాదికి మార్చనూ లేదు. కట్టేముందు రద్దు నిబంధన చదవండి, నేను చదవలేదు. మెడల్ మాత్రం పోస్టులో వచ్చింది. తొక్కని రైడ్‌కి!

మొదటిసారి వంద దాటాలనుకునేవాళ్లు, పంక్చర్ వేసుకోవడం రానివాళ్లు పెద్ద రైడ్‌కే వెళ్లండి. ట్యూబ్ మార్చడం, చీకట్లో రూటు చదవడం వచ్చాక ఒక 200 బ్రెవే తొక్కి చూడండి. లైట్లు, రిఫ్లెక్టివ్ జాకెట్ మంచివి కొనండి, అక్కడ పిసినారితనం వద్దు. కార్డుకు ప్లాస్టిక్ కవరు మర్చిపోకండి, తడిస్తే ముద్రలు అలికిపోతాయి.

నా కన్ను ఫ్రాన్స్‌లో జరిగే పెద్ద బ్రెవే పారిస్-బ్రెస్ట్-పారిస్ మీద ఉంది. 1891లో పోటీగా మొదలైంది, ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరుగుతుంది, 2023 తర్వాతిది 2027లో. సుమారు 1200 కిలోమీటర్లకు గరిష్ఠంగా 90 గంటలు. అర్హతకు ఆ ఏడాదే 200, 300, 400, 600 నాలుగూ పూర్తి చెయ్యాలి. నా భయమల్లా 400తోనే. 600లో ఏదో ఒకచోట రెండు గంటలు నడుం వాల్చొచ్చు. 400లో నా వేగానికి రాత్రంతా తొక్కాల్సిందే.