మంచి తెర, దాని కిందే వేడి గాలి: ఆరు నెలల వాడకం తరువాత

ఈ ల్యాప్‌టాప్‌ను నేను కేవలం తెర కోసమే కొన్నాను. ఫొటోలు దిద్దడం, గంటల తరబడి చదవడం నా పని కనుక, ప్రాసెసర్ ఒక మెట్టు తక్కువదైనా సరే, తెర విషయంలో రాజీ పడకూడదని ముందే నిశ్చయించుకున్నాను. 14 అంగుళాల ఓఎల్ఈడీ తెర, 2880 × 1800 పిక్సెళ్లు, 120 హెర్ట్జ్ వేగం (అంటే సెకనుకు 120 సార్లు బొమ్మను కొత్తగా గీయగలదు), పలుచటి అల్యూమినియం ఒళ్లు. ఆరు నెలలు వాడాక చూసుకుంటే, తెర మీద నేను పెట్టుకున్న ఆశ ఏదీ వమ్ము కాలేదు. వేడి సంగతి మాత్రం కొనేటప్పుడు నాకు తట్టనే లేదు. పైగా ఈ రెండూ వేర్వేరు విషయాలు కావని ఆలస్యంగా తెలిసివచ్చింది.

ముందుగా తెర గురించి. మామూలు ఎల్‌సీడీ తెరకు వెనుక దీపం వెలుగుతూనే ఉంటుంది కాబట్టి చీకటి దృశ్యం కూడా కొంత బూడిద రంగులోకి తిరుగుతుంది. ఓఎల్ఈడీలో ప్రతి పిక్సెల్ తన వెలుగు తానే ఇచ్చుకుంటుంది, నలుపు చూపవలసిన చోట పూర్తిగా ఆరిపోతుంది. రాత్రి తీసిన ఫొటోల్లో నీడల లోపలి వివరాలను దిద్దేటప్పుడు ఈ తేడా ఎంతదో కళ్లకు కట్టింది. నన్ను అంతకంటే సంతోషపెట్టినది తెలుగు అక్షరం. చిన్న సైజులో కూడా ‘థ’ కడుపులోని చుక్క, ‘ధ’ కింది గీత, ఒత్తుల మెలికలు అలుక్కుపోకుండా విడివిడిగా కనబడుతున్నాయి. పాత ల్యాప్‌టాప్‌లో ఇవి సందర్భాన్ని బట్టి ఊహించుకోవలసిన వస్తువులు.

లోపాలు లేవని కాదు. తెర నున్నగా మెరుస్తుంది కనుక వెనుక కిటికీ ఉంటే అందులో కిటికీయే కనిపిస్తుంది. వెలుగు బాగా తగ్గించినప్పుడు ఇటువంటి తెరలు చాలావరకు వేగంగా ఆరుతూ వెలుగుతూ ఆ మసక వెలుగును సాధిస్తాయి; కొందరికి దానివల్ల కళ్లు అలసిపోతాయి. నాకు ఆ ఇబ్బంది రాలేదు గాని, మా ఇంట్లో ఒకరికి అరగంటలోనే తల బరువెక్కింది.

ఇక వేడి. మొదటి వారంలోనే దిద్దిన ఫొటోలను కొన్ని వందలు ఒకేసారి ఎగుమతి చేయమని, అంటే విడి ఫైళ్లుగా భద్రపరచమని పెట్టినప్పుడు, రెండు నిమిషాలు దూసుకుపోయిన యంత్రం ఆ తరువాత ఫ్యాన్ హోరుతో నెమ్మదించింది. ప్రాసెసర్ ఉష్ణోగ్రత 97 డిగ్రీల దగ్గర నిలబడింది. ప్రాసెసర్ కాసేపు తన స్థాయికి మించిన వాట్లు తీసుకుని పరుగెత్తుతుంది. ఆ వేడిని రాగి గొట్టాలు, ఒక చిన్న ఫ్యాన్ బయటికి పంపలేనప్పుడు తన్ను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. సర్వీసు కేంద్రం వారిని అడిగితే ‘ఇది సహజమే’ అన్నారు. నిజానికి సహజమే, కానీ అమ్మేటప్పుడు వారు చూపినది ఆ మొదటి రెండు నిమిషాల వేగాన్ని మాత్రమే.

తెరకూ వేడికీ ఉన్న చుట్టరికం ఇక్కడే బయటపడుతుంది. 1920 × 1200 తెరలో సుమారు 23 లక్షల పిక్సెళ్లుంటే, ఇందులో దాదాపు 52 లక్షలున్నాయి; వాటిని సెకనుకు 120 సార్లు వరకు కొత్తగా గీయాలి. ఇందులో విడిగా గ్రాఫిక్స్ చిప్ లేదు కనుక ఆ భారమంతా అదే ప్రాసెసర్ మీద, అదే ఫ్యాన్ మీద పడుతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఈ యంత్రంలో వేడి గాలి తెర, కీబోర్డు కలిసే మడత సందులోంచి బయటపడి నేరుగా తెర కింది అంచుకు తగులుతుంది. ఓఎల్ఈడీలోని సేంద్రియ పదార్థాలు వేడికి, ఎక్కువ వెలుగుకు త్వరగా అరుగుతాయి. కదలని బొమ్మ ఎక్కువసేపు ఉన్నచోట మచ్చ పడే ప్రమాదం ఉంది. తెర అడుగున రోజంతా కదలకుండా ఉండే బొత్తాల పట్టీ, అంటే టాస్క్‌బార్, సరిగ్గా ఆ వేడి అంచునే ఉంటుంది. ఈ అమరికను ఆలోచించినవారు తెరను, గాలి దారిని వేర్వేరు గదుల్లో కూర్చుని గీశారేమో అనిపించింది.

అందుకని కొన్ని అలవాట్లు మార్చుకున్నాను. టాస్క్‌బార్‌ను దాచాను, నేపథ్యాన్ని నలుపు చేశాను. ఓఎల్ఈడీలో నల్లటి భాగం విద్యుత్తు వాడదు కనుక బ్యాటరీకీ మేలే. చదివేటప్పుడు 60 హెర్ట్జ్‌కు దిగుతున్నాను. విండోస్‌లో పవర్ మోడ్‌ను ‘బ్యాలెన్స్‌డ్’లో ఉంచితే, పూర్తి వేగంలో 20 నిమిషాలు పట్టిన ఎగుమతి 22 నిమిషాలకు ముగిసింది, ఉష్ణోగ్రత మాత్రం 80 దాటలేదు. ఇంత తక్కువ నష్టానికి ఇంత లాభం దొరుకుతుందని నేను అనుకోలేదు. వెనుక భాగాన్ని రెండు అంగుళాలు ఎత్తే స్టాండు వాడితే కింద గాలి ఆడి ఫ్యాన్ హోరు స్పష్టంగా తగ్గింది. విడిగా కొన్న ఫ్యాన్ల పలక మాత్రం, దాని గాలి ఈ యంత్రపు రంధ్రాలకు ఎదురుగా రాకపోవడం వల్ల, పెద్దగా పనికిరాలేదు. ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపుతున్నాను, ఎందుకంటే నిండు ఛార్జి, వేడి కలిస్తే బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది. పరుపు మీద పెట్టడం పూర్తిగా మానేశాను.

మూత మూసి బయటి మానిటర్‌తో పనిచేయడం కూడా మానుకున్నాను. మూత మూస్తే మడత సందు ఇరుకై, వేడంతా తెరకూ కీబోర్డుకూ మధ్య నిలుస్తుంది. ఒకసారి అలా గంట పనిచేసి మూత తెరిస్తే, తెర కింది అంచు మీద వేలు ఎక్కువసేపు ఉంచలేకపోయాను.

తెరే ప్రాణం అనుకునేవారు, బరువైన పనులు అప్పుడప్పుడే చేసేవారు ఇటువంటి ల్యాప్‌టాప్ నిశ్చింతగా కొనవచ్చు. రోజంతా వీడియో ఎడిటింగ్ చేసేవారు కాస్త మందమైన ఒళ్లు, రెండు ఫ్యాన్లు ఉన్నదాన్ని చూసుకోవడం మంచిది. దుకాణంలో చూసేటప్పుడు తెర వెలుగుకు ముగ్ధులయ్యే ముందు, యంత్రాన్ని తిరగేసి గాలి ఎక్కడినుంచి లోపలికి వెళ్తోందో, ఎక్కడ బయటికి వస్తోందో చూడండి; తెర మీద పడే మచ్చలకు వారంటీ వర్తిస్తుందో లేదో కాగితం మీద చూపించమని అడగండి. నేను ఈ రెండూ చేయలేదు.