మురుగుకు, వాననీటికి ఒకే పైపా, వేర్వేరుగానా: ఏది మేలు?

హైదరాబాద్‌లో గంటసేపు గట్టి వాన పడిందంటే చాలు, మర్నాడు ఎవరో ఒకరు నన్ను అడిగే ప్రశ్న ఇదే: రోడ్డు ఎలాగూ తవ్వుతున్నారు కదా, మురుగుకూ వాననీటికీ కలిపి ఒకే పెద్ద పైపు వేసేస్తే పోదా అని. మొన్న ఇంటి పని చేయిస్తుంటే మా మేస్త్రీ కూడా అదే దారిలో ఆలోచించాడు. డాబా మీది వాన పైపును డ్రైనేజీ చాంబర్‌లో కలిపేద్దాం సార్, ఒక పైపు ఖర్చు మిగులుతుంది అన్నాడు. నేను వద్దన్నాను.

ఒకే పైపు పద్ధతిని తీసిపారేయడానికి లేదు. లండన్, పారిస్‌ల పాత భాగాలు దాని మీదే నడుస్తున్నాయి. 1858 ఎండాకాలంలో థేమ్స్ నది కంపుకు లండన్ పార్లమెంటులో కూర్చోలేక ఇంజనీరు జోసెఫ్ బాజల్‌జెట్‌కు మురుగు కాలువల పని అప్పగించారు, ఆయన కట్టించిన సొరంగాలు ఇప్పటికీ వాడకంలో ఉన్నాయి. తవ్వేది ఒక్కసారే, ఇరుకు సందుల్లో చోటు కలిసొస్తుంది, పైగా చిన్న వానకు రోడ్డు మీద నుంచి కొట్టుకొచ్చే నూనె, చెత్త కూడా శుద్ధికే పోతాయి. వేర్వేరు పైపులు వేస్తే ఈ చివరి లాభం ఉండదు, ఒప్పుకోవాల్సిందే. కాకపోతే పెద్ద వానకు పైపు పట్టక, మురుగుతో సహా నదిలోకి పొంగుతుంది. ఆ పొంగును ఆపడానికే లండన్‌లో మళ్లీ 25 కిలోమీటర్ల సొరంగం తవ్వి 2025లో పాత కాలువలకు దాన్ని పూర్తిగా కలిపారు.

నాకు మాత్రం అసలు సంగతి పొంగడం కాదు, వాన లేని రోజులు. మురుగు నడవడానికి వాటం చాలు, కానీ రోజులో ఒక్కసారైనా అది సెకనుకు 0.6 మీటర్ల వేగం అందుకోవాలి, లేదంటే ఇసుక, మడ్డి అడుగున కూర్చుంటాయి. ఒక ఎకరంలో 200 మంది ఉన్నారనుకోండి. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు, అందులో 80 శాతం మురుగు అని లెక్క వేస్తే సగటున గంటకు 900 లీటర్లు. అదే ఎకరం మీద గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడి సగం ఇంకిపోయినా పారేది లక్ష లీటర్లు! ఆ లక్షకు సరిపడే పైపు వేసి, వానాకాలం పోయాక ఎనిమిది నెలలూ అందులో ఈ 900 లీటర్లు వదిలితే గంగాళంలో చెంబెడు నీళ్లు పోసినట్టే, అడుగున పల్చగా పరుచుకుని కదలదు. కూర్చున్న మడ్డి కుళ్లి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, అది పైపు లోపలి కప్పుకు చేరి ఆమ్లంగా మారి కాంక్రీటును తినేస్తుంది. మ్యాన్‌హోల్‌లోకి దిగిన మనిషినైతే నిమిషాల్లో చంపేస్తుంది. లండన్‌లో ఏడాది పొడవునా ఎంతో కొంత వాన పడుతూ పైపును కడుగుతుంటుంది, పైగా అక్కడి పాత ఇటుక కాలువలు చాలావరకు కోడిగుడ్డు ఆకారంలో అడుగున సన్నగా ఉంటాయి కాబట్టి కొద్దిపాటి మురుగు కూడా జోరుగానే పోతుంది. మనకు వానంతా దాదాపు జూన్ నుంచి సెప్టెంబరు లోపే.

అందుకే నా ఓటు వేర్వేరు పైపులకే. అయితే రోడ్డు మీద నీళ్లు నిలవగానే మ్యాన్‌హోల్ మూత లేపి వాటిని మురుగు పైపులోకి వదిలేవాళ్లు ఉన్నంతకాలం ఆ వేరు కాగితం మీదే. మా గల్లీలో పోయిన వానాకాలం ఇదే జరిగింది, పై వీధిలో ఎవరో మూత తీశారు, పల్లంలో ఉన్న ఇళ్ల బాత్రూముల్లోకి మురుగు ఎదురు తన్నింది.

వ్యాక్యూమ్ పైపుల మాటా, అంటే పంపుతో గాలి లాగేసి మురుగును పీల్చుకునే పైపుల మాటా, కొందరు అడుగుతున్నారు. చదును నేల, తవ్వగానే నీళ్లు తగిలే ఊళ్లకు బాగానే ఉంటాయి, కరెంటు ఖర్చుకు సిద్ధపడితే. సెప్టిక్ ట్యాంకు డ్రైనేజీ లైను లేని చోట సంగతి.

మా డాబా పైపు చివరికి ఇంకుడు గుంతలోకి వెళ్లింది. ఒకరోజు కూలి ఎక్కువైంది, మేస్త్రీ దృష్టిలో అది ఇప్పటికీ దండగ ఖర్చే.