కెనడాలో జింక వేటకి ఎస్‌కేఎస్: ఏళ్ల తరబడి వాడాక నేను చెప్పగలిగేది

కెనడాలో వేట కోసం మిలిటరీ బాపతు సెమీ ఆటోమేటిక్ కార్బైన్ (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలి, తర్వాతిది తానే ఎక్కే పొట్టి రైఫిల్) కొనుక్కుందామనుకునేవాళ్లకి ఈ రోజున మిగిలిన దారులు చాలా తక్కువ. 2020 మే 1న ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వుతో ఏఆర్-15 ఒక్కటే కాదు, వేటగాళ్లు దశాబ్దాలుగా అడవుల్లోకి మోసుకెళ్లిన రూగర్ మినీ-14, ఎం14 రకాలు, చెక్ దేశపు వీజడ్-58 కూడా నిషిద్ధ జాబితాలోకి వెళ్లిపోయాయి. 2024 డిసెంబరులో ఒకసారి, 2025 మార్చిలో మరోసారి ఆ జాబితా పెరిగింది. ఇన్ని వడపోతలు దాటి నాన్-రిస్ట్రిక్టెడ్‌గా, అంటే మామూలు లైసెన్సుతో వేటకి వాడుకోగల వర్గంలో నిలబడిన పాత సైనిక తుపాకుల్లో మామూలు సంపాదనపరుడికి అందేది సోవియట్ కాలపు ఎస్‌కేఎస్. బ్రిటిష్ కొలంబియా దక్షిణాన, గ్రాండ్ ఫోర్క్స్ చుట్టుపక్కల అడవుల్లో వైట్‌టెయిల్ జింకల కోసం నేను ఏళ్లుగా వాడుతున్నది అదే.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. దట్టమైన చెట్ల మధ్య, వంద మీటర్ల లోపు, తగలగానే విచ్చుకునే సాఫ్ట్ పాయింట్ తూటాతో అయితే ఇది జింకకి సరిపోయే తుపాకీ. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా వేరే రైఫిల్ చూసుకోవాలి.

ముందు చట్టం సంగతి. ఇక్కడ తుపాకీ ఎంపిక దుకాణంలో కాదు, చట్టం దగ్గరే మొదలవుతుంది. సెంటర్‌ఫైర్ (తూటా అడుగున మధ్యలో దెబ్బ తగిలి పేలే) సెమీ ఆటోమేటిక్ నాన్-రిస్ట్రిక్టెడ్‌గా ఉండాలంటే బ్యారెల్, అంటే గొట్టం, 470 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. మామూలు ఎస్‌కేఎస్ బ్యారెల్ 520 మిల్లీమీటర్లు, కాబట్టి ఇబ్బంది లేదు. పారాట్రూపర్ పేరుతో అమ్మిన పొట్టి బ్యారెల్ చైనా రకం మాత్రం రిస్ట్రిక్టెడ్ కిందికి వస్తుంది, రిస్ట్రిక్టెడ్ తుపాకీతో వేటాడకూడదు. మ్యాగజైన్ (తూటాలు పట్టే పెట్టె) అసలు పది తూటాలది, కెనడాలో ఐదుకే పరిమితం. అందుకే రివెట్ కొట్టి ఉంటుంది. పాత సరుకు కొనేటప్పుడు ఆ రివెట్ చెక్కుచెదరకుండా ఉందో లేదో చూడకుండా డబ్బు చేతికివ్వొద్దు. అది ఊడిన మ్యాగజైన్ మీ దగ్గరుంటే మీరు నిషిద్ధ వస్తువుతో పట్టుబడ్డట్టే. వేటలో ఐదు తూటాలు చాలవన్న మాట నేను ఎప్పుడూ ఒప్పుకోను. మొదటిది సరిగ్గా పడాలి, రెండోది అవసరం రాకూడదు.

ఎస్‌కేఎస్ భవిష్యత్తు మాత్రం తేలలేదు. 2022 నవంబరులో తుపాకీ నియంత్రణ బిల్లు సీ-21కి తెచ్చిన సవరణల్లో దీని పేరూ ఉంది. ఫస్ట్ నేషన్స్, అంటే ఇక్కడి ఆదివాసుల నాయకులు గట్టిగా వ్యతిరేకించారు, ఉత్తరాది పల్లెల్లో దీంతో మాంసం తెచ్చుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. 2023 ఫిబ్రవరిలో ఆ సవరణలు వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత ప్రభుత్వం దీని వర్గీకరణని మళ్లీ పరిశీలిస్తామంది. నిషేధం కోరేవాళ్లని నేను తేలిగ్గా తీసుకోను. 1989 డిసెంబరు 6న మాంట్రియల్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్‌లో మినీ-14తో 14 మంది ఆడవాళ్లని చంపిన ఘోరం ఈ చర్చ మొత్తానికి మూలం. 2020 ఏప్రిల్‌లో నోవా స్కోషియాలో 22 మంది చనిపోయిన కొద్ది రోజులకే ఆ మే నెల ఉత్తర్వు వచ్చింది. ఆ కుటుంబాల ముందు నిలబడి చెప్పలేని మాట నేను ఇక్కడా రాయను. నా అభ్యంతరం ఒక్కటే: జాబితాలో చేర్చేటప్పుడు తుపాకీ ఎలా పనిచేస్తుందన్నది వదిలేసి ఎలా కనిపిస్తుందన్నది చూస్తున్నారు. బ్రౌనింగ్ బీఏఆర్ లాంటి వేట రైఫిల్ కూడా సెమీ ఆటోమేటిక్కే, తూటా ఎస్‌కేఎస్ కన్నా ఎంతో బలమైనది. అది నాన్-రిస్ట్రిక్టెడ్‌గానే ఉంది, ఉండాలి కూడా.

కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు నన్ను తరచు అడిగేది లైసెన్సు గురించి. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నేరం కాబట్టి ఈ ప్రక్రియ మనకి కొత్త. పౌరసత్వం అక్కర్లేదు. కెనడియన్ ఫైర్‌ఆర్మ్స్ సేఫ్టీ కోర్సు పూర్తిచేసి, పరీక్ష పాసై, పీఏఎల్ అనే తుపాకీ లైసెన్సు కోసం ఆర్‌సీఎంపీకి, అంటే ఫెడరల్ పోలీసులకి దరఖాస్తు పెట్టాలి. మొదటిసారి అయితే కనీసం 28 రోజులు ఆగాలి. భార్యకో భర్తకో తెలియకుండా ఆ లైసెన్సు రాదు, ఆ నియమం చాలా మంచిది. వేటకి బ్రిటిష్ కొలంబియాలో కోర్ అనే వేటగాళ్ల శిక్షణ కోర్సు విడిగా చెయ్యాలి. ఏ జంతువుకి ఆ జంతువు లైసెన్సు వేరు. ఇంట్లో తుపాకీ ఖాళీగా, తాళం వేసి ఉండాలి. పిల్లలున్న ఇంట్లో నేను చట్టం అడిగినదానికన్నా ఒక తాళం ఎక్కువే వేస్తాను, తూటాలు వేరే గదిలో పెడతాను.

ఇక తుపాకీ. సెర్గీ సిమొనొవ్ 1945లో రూపకల్పన చేసినది. నాది తూలా ఫ్యాక్టరీ సరుకు. చేతికొచ్చినప్పుడు పైనుంచి కింద దాకా కాస్మొలీన్ అనే జిగట గ్రీజు. ఈ గ్రీజు వదిలించడం శుభ్రత కోసం మాత్రమే కాదు. తొలినాటి కొన్నిటిని వదిలేస్తే ఎస్‌కేఎస్‌లో ఫైరింగ్ పిన్‌కి (తూటాని కొట్టి పేల్చే సూదికి) స్ప్రింగ్ ఉండదు, అది బోల్ట్ (తూటా వెనక మూసుకునే దిమ్మ) లోపల స్వేచ్ఛగా కదులుతుంది. అక్కడ గ్రీజు గడ్డకట్టి పిన్ ముందుకి పొడుచుకుని ఇరుక్కుంటే, బోల్ట్ మూసుకోగానే ట్రిగ్గర్ నొక్కకుండానే తూటా పేలుతుంది. కాబట్టి బోల్ట్ విప్పి, పిన్ బయటికి తీసి, కిరసనాయిలుతో కడిగి తుడవాలి. మళ్లీ బిగించాక బోల్ట్‌ని చెవి దగ్గర ఊపితే పిన్ టకటకమని ఆడాలి. ఆ చప్పుడు వినకుండా నేను ఏ సీజనూ మొదలుపెట్టను. తూటా ఎక్కించేటప్పుడు గొట్టం ఎప్పుడూ నేల వైపే.

కర్ర బట్ పొట్టిగా ఉంటుంది. పొడవాటివాళ్లు దీని మీద విసుక్కుంటారు. నాలాంటి మధ్యస్థం మనిషికి, మందపాటి చలికోటు వేసుకున్నప్పుడు, సరిగ్గా భుజానికి కుదురుతుంది. బరువు 3.8 కిలోలకి అటూ ఇటూ. మడత బయొనెట్ ఉంచుకోవడం చట్టబద్ధమే, కానీ వేటలో దానికి పనిలేదు. తీసేస్తే ముందు భాగం తేలికవుతుంది. తీశాక తూటా పడే చోటు మారుతుంది, మళ్లీ గురి సరిచేసుకోవాలి.

నాకు ఇందులో బాగా నచ్చిన భాగం మ్యాగజైన్ అడుగు. మన ప్రావిన్స్‌లో లోడ్ చేసిన తుపాకీతో బండి ఎక్కకూడదు. వేటలో రోజుకి ఎన్నోసార్లు ఖాళీ చెయ్యాల్సి వస్తుంది. ముందు బోల్ట్ లాగి చాంబర్‌లోది, అంటే పేలడానికి గొట్టంలోకి ఎక్కిన తూటాని తీసేస్తాను. తర్వాత అడుగున గొళ్లెం వెనక్కి లాగితే మ్యాగజైన్ తెరుచుకుని మిగిలిన తూటాలు అరచేతిలో పడతాయి. చేతితొడుగులతో కూడా అయిపోతుంది. సేఫ్టీ మీద మాత్రం నాకు అంత నమ్మకం లేదు. అది ట్రిగ్గర్‌ని మాత్రమే ఆపుతుంది. పైగా తిప్పినప్పుడు టక్కుమంటుంది, నిశ్శబ్దపు ఉదయం ఆ చప్పుడు జింకకి చాలు. ట్రిగ్గర్ బరువు, గరుకు.

గురి చూసే ఇనుప సైట్ మీద వెయ్యి మీటర్ల దాకా అంకెలున్నాయి. ఆ అంకెలు సైన్యానివి. మంచి బ్యారెల్ ఉన్న ఎస్‌కేఎస్ వంద మీటర్ల దగ్గర 8 నుంచి 12 సెంటీమీటర్ల వలయంలో తూటాలు పెడుతుంది. వైట్‌టెయిల్ గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు 20-25 సెంటీమీటర్లు. వంద మీటర్ల వరకు లెక్క ధీమాగా సరిపోతుంది, 150 దగ్గర తప్పుకి చోటు పెద్దగా మిగలదు. వెలుతురు ఇంకో చిక్కు. బ్రిటిష్ కొలంబియాలో పొద్దుగుంకాక గంటసేపటిదాకా వేటకి అనుమతి ఉంది, కానీ ఆ గంటలో సగం గడవకముందే నల్లటి ముందు సైట్ గోధుమరంగు జింక ఒంటి మీద కలిసిపోతుంది. కనపడకపోతే నేను తుపాకీ దించేస్తాను. స్కోప్ పెట్టుకుందామంటే, రిసీవర్ (బోల్ట్ ఉండే నడిమి భాగం) పై మూతకి బిగించే మౌంట్లు కొనకండి. ఆ మూత కాస్త ఆడుతూనే ఉంటుంది, శుభ్రం చెయ్యడానికి తీసి పెట్టిన ప్రతిసారీ గురి చెదురుతుంది. వెనక సైట్ స్థానంలో చిన్న పట్టా వేసి దాని మీద రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే అద్దం) పెట్టడం కుదురుగా ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం తూటా. ఎస్‌కేఎస్ వాడే 7.62×39 తూటాల్లో మిలిటరీ సరుకు ఫుల్ మెటల్ జాకెట్, అంటే పూర్తిగా గట్టి లోహపు తొడుగున్నది. అది జంతువు ఒంట్లోంచి సన్నటి రంధ్రం చేసుకుని వెళ్లిపోతుంది, జంతువు గాయంతో పరిగెత్తి ఎక్కడో గంటల తరబడి బాధపడి చస్తుంది. బ్రిటిష్ కొలంబియా, ఆల్బెర్టా నిబంధనలు వేటకి దాన్ని నిషేధించాయి. చట్టం నిషేధించకపోయినా నేను వాడను. వేటకి 123 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) సాఫ్ట్ పాయింట్, అంటే ముక్కు దగ్గర సీసం బయటికి కనిపించి, తగలగానే విచ్చుకునేది. ఫెడరల్ కంపెనీ తూటాలు పవర్-షాక్, ఫ్యూజన్ రెండూ నాకు పనిచేశాయి. గొట్టం దాటేటప్పుడు దీని శక్తి దాదాపు 2,000 జూళ్లు, వంద మీటర్లకి 1,600 లోపు. వేటలో మామూలుగా వాడే పెద్ద తూటా, 150 గ్రెయిన్ల .308 విన్‌చెస్టర్, 3,500 పైన మొదలవుతుంది. కాబట్టి మూస్, ఎల్క్ లాంటి భారీ జింక జాతుల మీదికి ఎస్‌కేఎస్ ఎత్తొద్దు. ఎలుగు తిరిగే చోట దీన్ని రక్షణ అనుకుని ధైర్యం చెప్పుకోవద్దు. ఇంకో విషయం: ఈ యంత్రం కొనదేలిన గట్టి లోహపు ముక్కు తూటాల కోసం చేసినది. మెత్తటి సీసం ముక్కు కొన్ని తుపాకుల్లో చాంబర్ ఎక్కేచోట గీరుకుని ఇరుక్కుంటుంది. డబ్బా తూటాలు రేంజ్‌లో ఎక్కించి చూడకుండా అడవికి పోకూడదు.

సరిగ్గా పడితే ఎలా ఉంటుందో ఒక్కటి చెబుతాను. నవంబరు, పల్చటి మంచు, లార్చ్ చెట్ల కింద పడుకుని ఉన్న మగ జింక లేచి నిలబడి పక్కకి తిరిగింది. దూరం అరవై మీటర్లు ఉంటుంది. ముందు కాలి వెనక తగిలింది. వంగి ఒక్క దూకు దూకి, కొద్ది దూరం పరిగెత్తి పడిపోయింది. మంచు మీద రక్తం లేత గులాబీ రంగులో, చిన్న చిన్న బుడగలతో ఉంది, ఊపిరితిత్తుల్లోంచి వచ్చిందంటే అలాగే ఉంటుంది. నేను దగ్గరికెళ్లేసరికి కన్ను కదలలేదు. ముందు లైసెన్సు కాగితం మీద తేదీ దగ్గర కోసి రద్దు చేశాను, ఆ తర్వాతే మిగతా పని. కోసినప్పుడు చూస్తే రెండు ఊపిరితిత్తులూ చితికి ఉన్నాయి, భుజం మాంసం పాడవలేదు. నాలుగు కాళ్ల మాంసం, వెన్ను మాంసం అడవిలో వదిలెయ్యకూడదన్నది ఇక్కడి నియమం. మా ఇంట్లో అది అల్లం వెల్లుల్లి, ధనియాలు, మిరియాలతో ఇగురు అవుతుంది. కొవ్వు తక్కువ కాబట్టి ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించి తర్వాత నూనెలో వేయించాలి.

నిర్వహణ విషయానికొస్తే, పాత మిలిటరీ తూటాల ప్రైమర్‌లో (తూటా అడుగున దెబ్బకి నిప్పు రాజేసే మందులో) నుంచి వచ్చే లవణం తేమ పీల్చి ఇనుముని తినేస్తుంది. బ్యారెల్ లోపల క్రోమ్ పూత ఉన్నా, పేలుడు గ్యాస్‌తో బోల్ట్‌ని నెట్టే భాగాలకి తుప్పు ప్రమాదం పోదు. అలాంటివి కాల్చిన రోజే బ్యారెల్, గ్యాస్ గొట్టం, పిస్టన్ వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, పల్చగా నూనె పట్టించాలి. తెల్లారేదాకా ఆగితే ఎర్రటి పొర కనిపిస్తుంది. చలి మైనస్ ఇరవై దాటితే చిక్కటి గ్రీజు బోల్ట్‌ని మందకొడి చేస్తుంది, పల్చటి నూనె చుక్కలతో సరిపెట్టాలి. ఈ జాగ్రత్తలు తీసుకుంటే ఎస్‌కేఎస్ మొరాయించదు. నాది బురదలో పడినా, మంచులో తడిసినా పని ఆపలేదు.

ఇప్పుడు కొనాలా? పదేళ్ల కిందట రెండొందల డాలర్ల దగ్గర దొరికేది, పెట్టెడు తూటాలు చవగ్గా వచ్చేవి. అప్పుడైతే ఆలోచించకుండా కొనుక్కోమనేవాణ్ణి. ఇప్పుడు ధర రెట్టింపు దాటింది, తూటాల ధరా పెరిగింది, చట్టం ఏ వైపు మొగ్గుతుందో తేలలేదు. ఒకే ఒక్క రైఫిల్ కొనే స్తోమత ఉన్నవాళ్లు .308లోనో .30-06లోనో మామూలు బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగే రైఫిల్) కొనుక్కోండి. దాంతో జింక, మూస్, ఎల్క్ అన్నీ అవుతాయి, మైదానంలో రెండొందల మీటర్లకీ భయం లేదు. అది ఉన్నాక, దట్టమైన అడవిలో దగ్గర వేట ఇష్టమైతే, రివెట్ సరిగ్గా ఉన్న, బ్యారెల్ లోపల మెరుస్తున్న రష్యన్ ఎస్‌కేఎస్ దొరికితే తీసుకోండి. మెరుగుల కోసం దాని మీద ఎక్కువ డబ్బు పెట్టకండి. ఒక రెడ్ డాట్, ఒక తోలు పట్టీ, మంచి సాఫ్ట్ పాయింట్ డబ్బాలు చాలు. నా రెండోది బోల్ట్ యాక్షనే, ఎల్క్ లైసెన్సు వచ్చిన ఏడాది అదే పట్టుకెళ్తాను.