పాప ఇంటిపేరు మార్పు, దత్తత కోసం మేము వెళ్లిన ఫ్యామిలీ లాయర్ గారు: 5కి 4

పెళ్లయిన ఐదో నెలలో పాప స్కూల్ నుంచి ఒక ఫారం వచ్చింది, తండ్రి పేరు దగ్గర ఎవరి పేరు రాయాలో తెలీక మా ఆవిడ దాన్ని మూడు రోజులు బ్యాగులోనే పెట్టుకుని తిరిగింది. పాప మా ఆవిడ మొదటి పెళ్లిలో పుట్టింది, తనకి తొమ్మిదేళ్లు. కన్నతండ్రి వెళ్లిపోయి ఆరేళ్లు, ఒక్కసారి చూడ్డానికి రాలేదు, విడాకులప్పుడు కోర్టు రాసిన మెయింటెనెన్స్ ఒక్క నెల కూడా కట్టలేదు. నన్ను నాన్నా అని పిలవమని తనకి ఎవరూ చెప్పలేదు, తనే మొదలెట్టింది. కాబట్టి కాగితాల్లో కూడా అలాగే ఉండాలని ఇద్దరం అనుకున్నాం.

ముందు వేరే ఒకాయన దగ్గరికి వెళ్లాం, ఆయన పది నిమిషాల్లో తేల్చేశాడు. తండ్రి ఆచూకీ తెలీదని అఫిడవిట్ రాసిద్దాం, పేపర్లో ప్రకటన వేసి గెజిట్‌లో (ప్రభుత్వ ప్రకటనల పత్రంలో) వేయించేస్తా, ఈలోపు మీరు ఆధార్‌లో పేరు మార్చేసుకోండి, ఏడేళ్లు కనపడకపోతే ఎలాగూ చనిపోయినట్టే లెక్క అన్నాడు. అడ్వాన్స్ కూడా ఇచ్చేశాం. కానీ ఆ తండ్రి తాలూకు అమ్మానాన్నల ఇల్లు ఎక్కడో మా ఆవిడకి తెలుసు, అడ్రస్‌తో సహా. ఆచూకీ తెలీదని సంతకం ఎలా పెడతాం? ఆ రాత్రి తను నిద్రపోలేదు, పొద్దున్నే వద్దులే అంది, అడ్వాన్స్ తిరిగి రాలేదు.

ఈ మేడమ్ దగ్గరికి మా ఆవిడ ఆఫీసులో ఒకామె చెప్తే వెళ్లాం. కూర్చోగానే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న నా వయసు. ఎందుకా అనుకున్నా. 1956 హిందూ దత్తత చట్టం ప్రకారం మగవాడు ఆడపిల్లని దత్తత తీసుకోవాలంటే ఇద్దరి మధ్య కనీసం 21 ఏళ్ల తేడా ఉండాలంట, నాకు 34 కాబట్టి సరిపోయింది. రెండో ప్రశ్న మీకు ఇంకో కూతురు ఉందా, బిడ్డ కోసం చూస్తున్నారా అని. ఆ చట్టం కింద అప్పటికే కూతురు ఉన్నాయన ఇంకో కూతుర్ని దత్తత తీసుకోలేడు, అంటే మాకు ముందు ఆడపిల్ల పుట్టి ఉంటే ఆ దారి మూసుకుపోయేది. జువెనైల్ జస్టిస్ చట్టం (పిల్లల సంరక్షణ, దత్తతల చట్టం) కింద వెళ్తే ఆ షరతు లేదని, మతంతో సంబంధం లేకుండా ఎవరైనా అలా వెళ్లొచ్చని చెప్పి మమ్మల్ని ఆ దారిలోనే తీసుకెళ్లారు.

నేను చాలా ధీమాగా 2022 సుప్రీంకోర్టు తీర్పు ప్రింట్ తీసుకెళ్లా. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసే అది, బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లికి ఉందని, రికార్డుల్లో సవతి తండ్రి అని రాయమనడం క్రూరమని కోర్టు అంది. మేడమ్ అది పక్కన పెట్టేయలేదు, నా ముందే చదివి ఒక లైన్ కింద గీత గీసి చూపించారు, ఆ కేసులో కన్నతండ్రి చనిపోయాడు, తల్లి ఒక్కతే గార్డియన్, మీ కేసులో మనిషి బతికే ఉన్నాడండీ అన్నారు. హిందూ దత్తత చట్టంలో తండ్రి సమ్మతి అక్కర్లేని సందర్భాలు మూడే, ఆయన సన్యాసం తీసుకోవాలి, లేదా హిందూ మతం వదిలేయాలి, లేదా మతిస్థిమితం లేదని కోర్టు తేల్చాలి. డబ్బులు కట్టలేదు, పిల్లని చూడలేదు అనేది ఆ లిస్టులో లేదు. జువెనైల్ జస్టిస్ దారిలో కూడా ఆయన సమ్మతి పత్రం అడుగుతారు. ఏడేళ్ల రూల్ సంగతి కూడా చెప్పారు, ఆ మనిషి కబురు సహజంగా ఎవరికి తెలియాలో వాళ్లకి కూడా తెలియకపోతేనే అది వర్తిస్తుంది, తన సొంత అమ్మకి ఫోన్లు చేస్తున్నవాడికి కాదు. నాకు ఆ రోజు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆరేళ్లు మొహం చూపించని మనిషి సంతకం కోసం మేము ఎదురుచూడాలా అని. కానీ ఆవిడ చెప్పింది నిజం, ఎంత చేదుగా ఉన్నా ముందే చెప్పారు, అందుకే ఈ రివ్యూ రాస్తున్నా.

ఇంకో ముఖ్యమైన విషయం, ఇంటిపేరు మారితే నేను తండ్రిని అయిపోతానని మేము అనుకున్నాం, అది పూర్తిగా తప్పు. ఇంటిపేరు ఒక్కటే మారిస్తే చట్టం దృష్టిలో తండ్రి ఆయనే, రేపు మా ఆవిడకి ఏమైనా జరిగితే పాప మీద నాకు తండ్రిగా ఏ హక్కూ ఉండదు, నా ఆస్తిలో పాపకి కూతురిగా వాటా రాదు. దత్తత అయితే ఇవన్నీ వస్తాయి, కానీ కన్నతండ్రి వైపు నుంచి ఇకపై వారసత్వం ఉండదు, వెనక్కి తీసుకోవడం కూడా ఉండదు. రెండు వారాలు టైమ్ తీసుకుని ఆలోచించుకుని రండి అని పంపేశారు. అప్పటికప్పుడు వకాలత్ (కేసు అప్పగించే కాగితం) మీద సంతకం పెట్టించుకోని లాయర్‌ని నేను అంతవరకు చూడలేదు.

రెండోసారి పాపని తీసుకురమ్మన్నారు. మమ్మల్ని బయట కూర్చోబెట్టి తనతో విడిగా మాట్లాడారు. పాప అడిగిందంట, నా పాత డ్రాయింగ్ సర్టిఫికెట్ల మీద ఉన్న పేరు కొట్టేస్తారా అని. ఎవరూ కొట్టేయరమ్మా, అవి నీవే అన్నారంట. బయటికి వచ్చాక పాప మొహంలో భయం లేదు, నాకు అది చాలు.

తర్వాత పాప కన్నతండ్రి అమ్మానాన్నల అడ్రస్‌కి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు వెళ్లింది, ఎక్కడా ఒక్క తిట్టు మాట లేదు. ఐదు వారాలకి ఆయనే మేడమ్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. వచ్చాడు కూడా. ఆయన అడిగింది ఒకటే, సంతకం పెడితే పాత మెయింటెనెన్స్ బాకీ పోతుందా అని. అది వేరే విషయం, దానికీ దీనికీ ముడి పెట్టను అని మేడమ్ గట్టిగా చెప్పారు. ఆ మాట మీద ఆయన లేచి వెళ్లిపోతాడేమో అని నాకు గుండె ఆగినంత పనైంది, అయినా సంతకం పెట్టాడు. పాప ఎలా ఉంది అని మాత్రం అడగలేదు.

2022 సెప్టెంబర్ నుంచి జువెనైల్ జస్టిస్ దారిలో దత్తత ఆర్డర్లు కోర్టు కాకుండా జిల్లా కలెక్టర్ ఇస్తున్నారు, అప్లికేషన్ వేశాక రెండు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. కస్టడీ కేసు ఏదైనా నడుస్తుంటే అది తేలేదాకా ఇది మొదలే కాదు, మాది విడాకులతోనే తేలిపోయింది కాబట్టి ఇబ్బంది రాలేదు. ఆర్డర్ వచ్చింది, ఇప్పుడు బర్త్ సర్టిఫికెట్‌లో నా పేరు ఉంది.

ఒక పాయింట్ ఎందుకు తగ్గించానంటే జూనియర్ అప్లికేషన్‌లో పాప పేరు స్పెల్లింగ్ తప్పు కొట్టాడు, మేము చూసి చెప్పేదాకా ఎవరూ గమనించలేదు, మళ్లీ అన్ని కాగితాలూ రాయించాల్సి వచ్చింది. ఇంకోటి మేడమ్ సాయంత్రం ఏడు దాటితే గానీ ఫోన్ ఎత్తరు, అంతవరకు మన టెన్షన్ మనదే.

మీలో ఎవరైనా ఇదే పని మీద ఉంటే ఆధార్ జోలికి ముందు వెళ్లకండి. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి జీవితంలో రెండు ఛాన్సులే ఉంటాయి, మొదటి లాయర్ మాట విని ఉంటే మా పాపకి ఒకటి వేస్ట్ అయ్యేది. ముందు బర్త్ సర్టిఫికెట్, తర్వాత ఆధార్, తర్వాత స్కూల్, చివర్లో పాస్‌పోర్ట్, ఈ వరస మేడమ్ ఒక కాగితం మీద రాసిచ్చారు. విడాకుల డిక్రీ కూడా సర్టిఫైడ్ కాపీయే తీసుకెళ్లండి, మేము జిరాక్స్ తీసుకెళ్లాం, ఆ ఒక్క కాపీ తెచ్చుకోవడానికే మూడు వారాలు పోయాయి.