నల్లగొండలో ప్లాటు కేసు నడుస్తున్నవాళ్లు జాగ్రత్త: ‘వాయిదా నేను చూసుకుంటా’ అంటే పైసలు పంపకండి

నల్లగొండ చుట్టుపక్కల ప్లాటు కొని, హద్దుల గొడవతో సివిల్ కోర్టుకెక్కిన అన్నలు, అక్కలు ఇది చదవండి. ముఖ్యంగా హైదరాబాద్‌లో ఉంటూ ప్రతి పేషీకి రాలేనివాళ్లు.

మా అక్క పేరు మీద ఉన్న ప్లాటుకు ఇంజంక్షన్ కేసు, అంటే పక్కాయన మా జాగ జోలికి రాకుండా ఆపమని కోర్టును అడిగే కేసు, వేశాం. పక్కాయన కడీలు (హద్దు రాళ్లు) జరపకుండా తాత్కాలిక ఉత్తర్వు కూడా వచ్చింది. అక్క క్రాస్ ఎగ్జామినేషన్‌కు తారీఖు పడిన వారమే డెంగీతో ఆస్పత్రిలో చేరింది. వాయిదా అడగడానికి ఇంతకంటే సరైన కారణం ఉండదు. అప్పుడే మా వకీలు సాబ్ గుమాస్తానని చెప్పుకునే ఒకతను ఫోన్ చేశాడు. కేసు వేసేటప్పుడు జిరాక్సులు, స్టాంపులు తెచ్చింది అతనే. ‘‘వాయిదాకు మూడు వేలైతయి. పంపుండ్రి, నేను చూసుకుంట’’ అన్నాడు. పంపాం. సాయంత్రం మళ్లీ ఫోన్: ‘‘పడ్డది మేడమ్, వచ్చే నెలకు.’’

పడింది వాయిదా కాదు, కేసే. పిటిషన్ వేయలేదు. తారీఖు మారిందని వకీలు సాబ్‌కు కూడా అబద్ధం చెప్పాడట, ఆయన ఆ రోజు మిర్యాలగూడ కోర్టుకు వెళ్లారు. కేసు పిలిస్తే అవతలి పక్షం ఉంది, మా తరఫున ఎవరూ లేరు. డీఫాల్ట్ కింద, అంటే మేం రాలేదని, కేసు కొట్టేశారు. కేసు పోతే దాని మీద నిలిచిన తాత్కాలిక ఇంజంక్షన్ కూడా పోతుంది. పక్కాయన మా జాగలో కడీలు పాతాక గానీ మాకు సంగతి తెలియలేదు. అడిగితే వకీలు సాబ్, ‘‘వాడు నా గుమాస్తా ఎప్పుడయ్యాడు?’’ అన్నారు.

వాయిదాకు రేటు అంటూ ఏమీ ఉండదు. కారణం రాసి, అఫిడవిట్, ఆస్పత్రి కాగితాలు జతచేసి, అవతలి వకీలుకు కాపీ ఇచ్చి పిటిషన్ వేయాలి. దానికి అయ్యేది చిన్న స్టాంపు ఖర్చు, మీ వకీలు ఫీజు. జడ్జిగారు ఖర్చులు వేస్తే అవి సాధారణంగా అవతలి పక్షానికి వెళ్తాయి, ఆ సంగతి ఆర్డర్‌లోనే రాసి ఉంటుంది. ‘లోపల ఇయ్యాలె’ అని ఎవరైనా అడిగితే ఆ పైసలు అతని జేబులోకే.

ఇంకో మాట. వాయిదా అడిగితే వస్తుందన్న ధీమా కూడా వద్దు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ ఆర్డర్ ప్రకారం విచారణలో ఒక పక్షానికి మూడుకు మించి వాయిదాలు ఇవ్వకూడదు. 2002 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది. తప్పనిసరి పరిస్థితుల్లో సడలించవచ్చని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది కాబట్టి ఏళ్లకేళ్లు సాగే కేసులు ఇంకా చూస్తున్నాం. కానీ మీ వకీలు వేరే కోర్టులో ఉన్నారన్నది చట్టం దృష్టిలో కారణం కాదు.

కేసుకు 16 అక్షరాల, అంకెల సీఎన్‌ఆర్ నంబర్ ఉంటుంది. వకీలును అడిగి రాసిపెట్టుకోండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొడితే తర్వాతి తారీఖు, అది దేనికో కూడా కనిపిస్తుంది. యాప్ ఉచితం. ఒక్కోసారి ఆలస్యంగా ఎక్కిస్తారు, మర్నాడు మళ్లీ చూడండి. ఫోన్‌లో చెప్పిన తారీఖుకూ యాప్‌లో తారీఖుకూ తేడా ఉంటే నేరుగా వకీలుకే ఫోన్ చేయండి, మధ్యవాళ్లకు కాదు.

ఇప్పటికే కేసు పోయినవాళ్లు ఆలస్యం చేయొద్దు. కొట్టేసిన తారీఖు నుంచి 30 రోజుల్లో, తగిన కారణం చూపి, అదే కోడ్‌లోని 9వ ఆర్డర్ కింద కేసు తిరిగి తెరవమని (రిస్టోరేషన్) పిటిషన్ వేయాలి. గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషన్, దానికో వాదన. ఫీజు కట్టలేనివాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లొచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. మోసం చేసింది వకీలే అయితే బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయాలి. వకీళ్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు 2024 మేలో తేల్చింది కాబట్టి కన్జ్యూమర్ ఫోరం చుట్టూ తిరగకండి. మాలాగా దళారి అయితే పోలీసులే. ఫోన్‌పే స్క్రీన్‌షాట్, కాల్ రికార్డు చెరిపేయకండి, మా ఫిర్యాదుకు ఆధారం అవే.

మా రిస్టోరేషన్ పిటిషన్ గడువులోనే పడింది. దానికి కౌంటర్ (జవాబు) వేయడానికి పక్కాయన వాయిదా అడిగాడు, ఇచ్చారు. తారీఖు యాప్‌లో చూసుకున్నాం.